పనిముట్టునకు, ఆయుధమునకు నడుమ: సూరతున కత్తిశాసనముల చరిత్ర

వర్షకాలము గడచి చెరకు పక్వమునకు వచ్చిన వెంటనే, సూరతు జిల్లాలోని బార్డోలీ ప్రాంతమునకు ఖాందేశమునుండియు, డాంగు కొండలనుండియు కూలివారు వేలకొలదిగ, ఆలుబిడ్డలతో, వంటసామగ్రితో, చెరకుకత్తులతో తరలివత్తురు. ఆ కత్తి పేరు కోయతా. దానిని నమ్ముకొని పనికి వచ్చిన దంపతుల జతకును ఆ పేరే రూఢియైనది. దాని యలుగు వెడల్పైనది, బరువైనది, ఒక్క వ్రేటున చెరకుగడను నరుకగలది. అయినను దానిని భుజమున నుంచుకొని బాటవెంట నడచు కూలివానిని లైసెన్సు చూపుమని యడుగువారు లేరు. ఆ జిల్లాకే ముఖ్యపట్టణమైన సూరతులో, పోలీసు కమిషనరు ప్రకటన యమలులో నున్న దినములందు, బెత్తెడు చాకు జేబులో నుంచుకొని బజారున తిరుగువాడు శిక్షకు పాత్రుడు కావచ్చును. పెద్దకత్తి నిర్దోషమై చిన్నచాకు సదోషమగుట పైకి వింతగ దోచును గాని, ఈ భేదము వెనుక నాలుగు శతాబ్దముల చరిత్ర కలదు. ఆయుధ మెవ్వరి చేత నుండవచ్చును, ఎచ్చట నుండవచ్చును, ఏ ప్రయోజనమునకై యుండవచ్చును అను మూడు ప్రశ్నలకు ఏలినవారు కాలక్రమమున వేర్వేరు సమాధానము లిచ్చుచు వచ్చిరి. ఆ సమాధానములు మారిన తీరును తెలిసికొనుటకు సూరతు మిక్కిలి తగిన నగరము.

సూరతు తపతీనది దక్షిణతీరమున నున్నది. గుజరాతు సుల్తాను మూడవ మహమ్మదు కాలమున, పోర్చుగీసువారి దాడులనుండి రేవును కాపాడుటకై ఖుదావందుఖాను నదియొడ్డున కట్టించిన కోట 1546 నాటికి పూర్తియైనది. 1573లో అక్బరు దానిని ముట్టడించి గైకొనిన తరువాత సూరతు మొగలు సామ్రాజ్యమునకు సముద్రద్వార మయ్యెను. మక్కాయాత్రికులు ఇచ్చటనే ఓడ లెక్కిరి, అరబ్బు పారశీక వర్తకు లిచ్చటనే సరకు దింపిరి. రేవును, నగరమును పాలించు ముత్సద్దీ యొకడు. కోటను కాచు కిలాదారు వేరొకడు. కిలాదారు ముత్సద్దీ యాజ్ఞకు లోబడినవాడు కాడు. ఒక ఒరలో రెండు కత్తు లిముడవని మన పెద్దలందురు. మొగలులు మాత్రము ఆ యిముడమినే పరిపాలనోపాయముగ జేసికొని, ఒక యధికారి చేతిలోని బలమును వేరొక యధికారి చేతిలోని బలముతో నిగ్రహించిరి. పాదుషా భయము సామాన్యుని నడుమునందలి బాకును గూర్చి కాదు. ఫిరంగులు గల కోట యే సామంతుని వశమగునో యని.

ఆ కాలమున ఆయుధధారణము గౌరవచిహ్నము. అబుల్ ఫజలు రచించిన అయినీ అక్బరీలో ఆయుధశాలను గూర్చిన ప్రకరణమున షంషేరు, జమ్‌ధరు, ఖంజరు మొదలైనవి వాని వెలలతో సహా పేర్కొనబడినవి. రత్నఖచితమైన ఖంజరును బహూకరించి సేవకుని మన్నించుట పాదుషాల యాచారము. ఆంగ్లేయ కంపెనీవారు తొలినాళ్లలో సూరతుకు తెచ్చిన సరకులలో ఉన్నివస్త్రములతో పాటు కత్తియలుగులును గలవు. రేవున మాత్రము సోదా కఠినమైనది. 1615 సెప్టెంబరులో ఆంగ్లరాజు దూతగ సువాలీ రేవున దిగిన సర్ థామస్ రో, తనను తన పరివారమును ఒడలు తడవి సోదా చేయరాదని పట్టుబట్టి సూరతు అధికారులతో తీవ్రముగ వివాదపడెను. ఆ సోదా ప్రధానముగ సుంకమును గూర్చినది; వర్తకుడు దాచిన ముత్యము దొరకెనా యనునదే అధికారి చింత గాని, వాని యొరలో నున్న బాకు పొడవెంత యనునది కాదు.

ఆ బాకే సూరతు చరిత్రలో నొకమారు ఘోరముగ మెరసెను. 1664 జనవరిలో శివాజీ సూరతుపై దాడి వెడలినప్పుడు నగరపాలకుడైన ఇనాయతుఖాను పౌరులను విడిచి కోటలో దాగెను; వీర్జీ వోరా, హాజీ జాహిద్ బేగు వంటి కోటీశ్వరుల యిండ్లు దోపిడికి లోనయ్యెను; జార్జి ఆక్సెండెను నాయకత్వమున ఆంగ్లేయులు తమ వర్తకశాలను మాత్రము ఆయుధములతో కాచుకొనిరి. సంధిమాటల నెపమున ఇనాయతుఖాను పంపిన యువకు డొకడు, శివాజీ యెదుట నిలిచి మాటలాడుచునే, దాచియుంచిన బాకును దూసి యతనిపై కురికెను. అంగరక్షకుడు కత్తివ్రేటున వాని చేతిని తెగనరికినను, ఆ యూపు ఆగక వాడు శివాజీపై బడెను. ఇరువురును నేల గూలిరి. తమ ప్రభువు హతుడయ్యెనని భ్రమించిన సైనికులు బందీలను వధింప బూనగా శివాజీ లేచి వారించెను. అయినను కొందరు ప్రాణములను, మరికొందరు హస్తములను గోల్పోయిరి. ఒక్క బాకు వలన నేరమెరుగని బందీలు దండన మనుభవించిరి. దాడి ముగిసిన పిదప ఔరంగజేబు వర్తకులకు సుంకము మన్నించి, నగరము చుట్టును ఇటుకగోడ కట్ట నాజ్ఞాపించెను. రక్షణ యనగా గోడయే యని యెంచిన కాలమది. ప్రజల చేతినుండి ఆయుధమును తొలగించుటయే రక్షణ యను భావము ఆ తరువాతి ఏలికలతో వచ్చెను.

1759లో ఆంగ్లేయులు సూరతు కోటను వశపరచుకొనిరి. 1800లో సూరతు నవాబుతో నొడంబడిక చేసికొని నగరపాలనమంతయు చేజిక్కించుకొనిరి. ముత్సద్దీ, కిలాదారు అను రెండు కత్తులకు బదులు కంపెనీ యొక్కటే మిగిలెను. బయటి శత్రువు లేని రాజ్యమునకు ప్రజలే శంకాస్పదులైరి. ఆ శంక శాసనరూపము దాల్చినది మొదట మలబారున. అచ్చటి ముస్లిములైన మాప్పిళ్లల తిరుగుబాటులకు జడిసి 1854లో చేసిన 24వ చట్టము, వారి యుద్ధకత్తి నొక్కదానిని పేరెత్తి, దానిని కలిగియుండుటయే నేరమని విధించెను. జిల్లా కలెక్టరు కానొలీ ఊరూర తిరిగి ఏడు వేలకు పైగ కత్తులను సేకరించెను. మరుసటి యేడు సెప్టెంబరులో అతడే మాప్పిళ్లల చేతిలో హతుడయ్యెను. కత్తిని గుంజుకొన్నంత మాత్రమున దానిని పట్టించిన వేదన తొలగిపోదని ఆ మరణము చాటినను, పాలకులు ఆ పాఠమును నేర్చుకొనలేదు.

1857 విప్లవానంతరము గుజరాతున నిరాయుధీకరణము విరివిగ జరిగెను. 1857 నాటి 28వ చట్టమును, 1860 నాటి 31వ చట్టమును దాటి, 1878 మార్చిలో లార్డ్ లిట్టన్ ప్రభుత్వము చేసిన ఆయుధచట్టము దేశమంతటికి వర్తించెను. ఆ చట్టము నిర్వచనమున తుపాకులతో పాటు బయొనెట్లు, ఖడ్గములు, బాకులు, బల్లెములు, తుదకు విల్లమ్ములును ఆయుధములే. లైసెన్సు లేక ఆయుధము ధరించి తిరుగరాదు. ప్రభుత్వము ప్రత్యేకముగ పేర్కొన్న ప్రాంతములలో ఏ విధమైన ఆయుధమును ఇంట నుంచుకొనుటకును లైసెన్సు కావలెను. ‘ఎవ్వరు’ అను ప్రశ్నకు ఆ చట్టము క్రింది నియమము లిచ్చిన సమాధానము మాత్రము జాతికి తీరని యవమానము: ఐరోపీయులు మినహాయింపు పొందిరి, స్వదేశీయులు లైసెన్సుకై చేయి చాచిరి. విశ్వాసపాత్రులని తలచిన కొడగువారికి మాత్రము 1861 నుండియే మినహాయింపు కలదు; వారి పీచెకత్తి వివాహవేదికపై నేటికిని మెరయుచున్నది.

1878లోనే, ఏప్రిలు మాసమున, లైసెన్సు పన్నును నిరసించుచు సూరతు వర్తకులు అంగళ్లు మూసిరి. అలజడి చెలరేగి కాల్పులు జరిగెను. నిందితుల పక్షమున ఫిరోజ్ షా మెహతా వాదించెను. మార్చిలో ప్రజల యాయుధమును నియంత్రించిన ప్రభుత్వము ఏప్రిలున వారి వ్యాపారమును నియంత్రింప బూనగా, మొదటగా తిరుగబడిన నగరములలో సూరతు నిలిచినది. 1887లో బదరుద్దీన్ తయ్యబ్జీ యధ్యక్షతను చెన్నపట్టణమున కూడిన కాంగ్రెసు ఆయుధచట్టమును సవరింప గోరుచు తీర్మానించెను. తూర్పుకనుమలలో 1922 ఆగస్టున అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగ ముట్టడించి తుపాకులు గొనిపోయెను. విల్లమ్ములను సైతము ఆయుధములని వ్రాసికొన్న రాజ్యమునకు ఆ విల్లమ్ములు గలవారు చెప్పిన సమాధానముగ మన తెలుగువారు దానిని తలచుకొందురు. జాతిభేదమును తొలగించు నియమములు 1919-20లలో వచ్చెను. సిక్కుల కృపాణమునకు మినహాయింపు అంతకు మునుపే, 1914లో పంజాబున మొదలై, 1917 నాటికి దేశమంతటికి వ్యాపించెను.

స్వాతంత్ర్యోద్యమమున సూరతు జిల్లా ముందువరుసను నిలిచినది. 1928లో బార్డోలీ రైతులు సర్దారు వల్లభభాయి పటేలు నాయకత్వమున ఏ యాయుధమును చేపట్టక ప్రభుత్వమును లొంగదీసిరి. 1930 ఏప్రిలు 6న గాంధీ యుప్పు దీసిన దండి గ్రామమును అప్పటి సూరతు జిల్లాలోనిదే. అట్టి యహింసామూర్తియే ఆ యేటి జనవరిలో వైస్రాయి ముందుంచిన పదునొకండు కోరికలలో, ఆత్మరక్షణకై ఆయుధముల లైసెన్సులు ప్రజానియంత్రణమునకు లోబడి యిచ్చుట యొకటి. 1931లో పటేలు అధ్యక్షుడైన కరాచీ కాంగ్రెసున ఆమోదము పొందిన ప్రాథమికహక్కుల తీర్మానమునందు, నియమములకు లోబడి ఆయుధములు కలిగియుండు హక్కు పౌరులకు గలదని వ్రాయబడెను. ఇందు విరోధమేమియు లేదు. చేతగాక వదలినవాని యహింస కంటె, చేపట్టగలిగియు వదలినవాని యహింసయే గొప్పదని ఆ తరమువారు నమ్మిరి. బలవంతపు నిరాయుధత్వమును వారు ధర్మముగ నంగీకరింపలేదు.

రాజ్యాంగసభలో 1948 డిసెంబరున హెచ్. వి. కామత్ ఆ హక్కును ప్రాథమికహక్కులలో చేర్పవలెనని సవరణ ప్రతిపాదించెను, అంబేడ్కరు అంగీకరింపలేదు, సభ దానిని త్రోసిపుచ్చెను. పందొమ్మిదవ యధికరణము ఆయుధములు లేక శాంతియుతముగ సమావేశమగు హక్కునే పౌరుల కొసంగినది. ఇరువదియైదవ యధికరణము వివరణలో మాత్రము కృపాణధారణము సిక్కుమతాచరణమున భాగమని స్పష్టముగ వ్రాయబడినది. ఆ విధముగ మన రాజ్యాంగమున పేరుతో చోటుచేసికొన్న ఖడ్గము కృపాణ మొక్కటియే.

తరువాత వచ్చిన 1959 నాటి 54వ చట్టము, అనగా నేటి ఆయుధచట్టము, 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చెను. దీని దృష్టి పాత చట్టము దృష్టికంటె మిగుల భిన్నము. పట్టినవా డెవ్వడు అను ప్రశ్న వెనుకకు బోయి, ఏ ప్రయోజనమునకై, ఎచ్చట అను ప్రశ్నలు ముందునకు వచ్చెను. దాడికో రక్షణకో ఆయుధముగ రూపొందినది ఆయుధము. గృహకృత్యములకు, వ్యవసాయమునకు మాత్రమే యుద్దేశింపబడినది, లాఠీ, సాధారణమైన చేతికర్ర వంటివి, ఆయుధములు కావు. చెరకు నరుకు కోయతా యెంత పెద్దదైనను నిర్దోషమగుట యీ నిర్వచనము వలననే. తుపాకి యెచ్చటనైనను లైసెన్సు లేక యుండరాదు. కత్తికి మాత్రము, నాల్గవ సెక్షను ననుసరించి కేంద్రప్రభుత్వము ఏ ప్రాంతమును గూర్చి ప్రత్యేకముగ ప్రకటించునో ఆ ప్రాంతముననే లైసెన్సు వలయును. నియమావళి పట్టికలో ఖడ్గములు, బాకులు, బల్లెములతో పాటు, అలుగు 9 అంగుళములకు మించిన పొడవో 2 అంగుళములకు మించిన వెడల్పో గల కత్తులు చేరినవి. గృహ, వ్యవసాయ, వైజ్ఞానిక, పారిశ్రామిక ప్రయోజనములకైనవి మినహాయింపు పొందినవి. 1962 నాటి నియమముల స్థానమున 2016లో క్రొత్త నియమములు వచ్చినను ఆ కొలత నిలిచియే యున్నది.

ప్రాంతమును బట్టి నియమము మారుటకు ఢిల్లీ మంచి నిదర్శనము. 1980 నాటి ప్రకటన ననుసరించి, ఢిల్లీలో 7.62 సెంటీమీటర్లో అంతకు మించియో పొడవు, 1.72 సెంటీమీటర్లో అంతకు మించియో వెడల్పు గల అలుగుతో, మీట నొక్కగనే విచ్చుకొను చాకులు సైతము లైసెన్సు లేనిదే కూడనివైనవి. తొమ్మిది యంగుళముల కొలత అచ్చట మూడంగుళములకు దిగినది. కేంద్రచట్ట మొక్కటే యైనను, రాష్ట్రమునుండి రాష్ట్రమునకు, నగరమునుండి నగరమునకు దాని నీడ యీ విధముగ కురుచయో దీర్ఘమో యగుచుండును.

సూరతున ఈ కేంద్రచట్టముకంటె ప్రజలకు నిత్యపరిచితమైనది పోలీసు చట్టము. ఉమ్మడి బొంబాయి రాష్ట్రమున 1951లో చేసిన బొంబాయి పోలీసు చట్టము, 1960 మే 1న రాష్ట్రము రెండుగ చీలిన పిదప గుజరాతునను, మహారాష్ట్రమునను నిలిచి, నేడు గుజరాతున గుజరాతు పోలీసు చట్టమను పేర చెల్లుచున్నది. దాని 37వ సెక్షను, శాంతిభద్రతల కవసరమని తోచినప్పుడు, తోచినంతకాలము, నగరమున పోలీసు కమిషనరును జిల్లాలో మేజిస్ట్రేటును ఆయుధములు, ఖడ్గములు, బల్లెములు, దుడ్డుకర్రలు, తుపాకులు, కత్తులు, కర్రలు, లాఠీలు మొదలైనవి వెంట గొనిపోవుటను నిషేధింపవచ్చునని చెప్పుచున్నది. ఈ నిషేధమునే అచ్చటి పత్రికలు ‘హథియార్‌బంధీ’ అనియు, ఆ ప్రకటనను ‘జాహేర్‌నామా’ అనియు వ్రాయును. కేంద్రచట్టము ఆయుధము కాదని విడిచిన లాఠీయు ఇచ్చట నిషేధమునకు లోనగును; గ్రామములందు పొడవైన పిడి గల ధారియాను, కొడవలిని చేతబట్టి తిరుగు రైతునకు గూడ తాను పొలమునకు బోవుచున్నాడా, గుంపులోనికి బోవుచున్నాడా యనునదే తన నిర్దోషత్వమునకు ప్రమాణమగును. నిషేధము నతిక్రమించినవాని చేతినుండి పోలీసు ఆ వస్తువును గైకొనవచ్చును; అది ప్రభుత్వపరమగును. 135వ సెక్షను ప్రకారము, ప్రత్యేకకారణములు లేనిచో, నాలుగు మాసములకు తక్కువ గాక సంవత్సరమువరకు చెరసాల. దీనియందు అలుగు పొడవునకు కొలత లేదు. కాలము, స్థలము, ప్రకటన అను మూడే కొలతలు.

ఈ విషయము తెలుగువారికి పరాయిది కాదు. కరీంనగరు, వరంగల్లు ప్రాంతములనుండి మగ్గము చేతినుండి జారిన పద్మశాలీలు అనేకులు, సోలాపురము, భివండీలకు వలెనే సూరతుకును వలసపోయి, లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడి, మరమగ్గముల సవ్వడిలో తరములు గడపుచున్నారు. వారి బిడ్డలకై సూరతు నగరపాలకసంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుచున్నది. వారిని స్వగ్రామములకు గొనిపోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరతు విడిచి మహారాష్ట్రమును దాటి వరంగల్లు, విజయవాడలమీదుగ చెన్నైకి బోవును. దానిలో నెక్కిన నేతగాని సంచిలో దారము కోయు చాకు కలదనుకొందము. గుజరాతున నొక పోలీసు చట్టము, మహారాష్ట్రమున దాని సోదరచట్టము, తెలుగుసీమ చేరగానే పూర్వపు నేరవిచారణ స్మృతిలో 144వ సెక్షనుగ పేరొందినదియు, 2024 జూలై 1 నుండి నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షనైనదియు నగు నిషేధాధికారము. ఒక్క పయనమున ఆ చాకు మూడు శాసనముల క్రిందుగ పోవును. చాకు మారదు, దాని యజమాని యుద్దేశమును మారదు, మారునది భూమి మాత్రమే.

ఇట్టి భిన్నత్వము తప్పని నే ననను. మతకలహములును, ప్రాణహానియు నెరిగిన సూరతు వంటి నగరమున, ఉద్రేకము పొంగిన నాలుగు దినములు కత్తులు ఇంట నుండుట అందరికిని శ్రేయస్కరము. ఆ దినములను గుర్తించు భారము స్థానికాధికారిపై నుండుటయు సహేతుకమే. జాతిని బట్టి నిషేధించిన 1878 చట్టముకంటె, ఒక వర్గపు కత్తిని వెలివేసిన 1854 చట్టముకంటె, ప్రయోజనమును, స్థలమును, కాలమును బట్టి నిర్ణయించు నేటి పద్ధతి నిస్సంశయముగ న్యాయమునకు దగ్గరైనది. కాని యీ పద్ధతి న్యాయమగుటకు ఒక్క నియమము ప్రాణమువంటిది: నిషేధము అందరికిని తెలియవలెను. పొడవును కొలిచి చెప్పు చట్టమును మనుజు డొకమారు నేర్చి జీవితాంతము పాటింపగలడు. దినమును, స్థలమును బట్టి మారు చట్టమును ప్రతిమారును క్రొత్తగ తెలిసికొనవలసినదే. బహిరంగముగ ప్రకటింపవలెనని 37వ సెక్షనే చెప్పుచున్నది గదా. ఒడియా, తెలుగు, మరాఠీ, హిందీ మాటలాడు లక్షలమంది శ్రమజీవులు నింపిన నగరమున, గుజరాతీ చదువరాని నేతగానికి గుజరాతీలో మాత్రమే చేరిన ప్రకటన బహిరంగ మనిపించుకొనజాలదు. బిడ్డలకు వారి భాషలో అక్షరములు నేర్పు నగరము, తండ్రులకు వారి భాషలోనే చట్టమును చెప్పుట కష్టము కాదు. మరమగ్గముల షెడ్ల తలుపులపై, రైలుస్టేషను గోడలపై, కూలివారు దిగు అడ్డాలలో, ఆయా భాషలయందు, ఏది కూడదో, ఎంతకాలమో, ఎవ్వరికి మినహాయింపో సుబోధముగ వ్రాసి యుంచుట పాలకుల విధి. చదివి తన పనిముట్టును ఆ దినములందు ఇంట నుంచుట పౌరుని విధి. మొదటి విధి నెరవేరిననాడే రెండవదానిని శిక్షతో గోరు హక్కు రాజ్యమునకు పూర్ణముగ సిద్ధించును.